తెగిన పోగు దగ్గరికి



రేపు బుధవారం. క్రైస్తవ సంఘాల్లో చాలామంది దీన్ని భస్మ బుధవారం అంటారు. కతోలిక సోదరులు విభూది బుధవారం అంటారు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం రేపటితో మొదలవుతుంది. మధ్యలో వచ్చే ఆదివారాలను ఆ లెక్కలో వెయ్యరు. ఈ వేళ మీతో ఒక్క సంగతే మాట్లాడాలని వచ్చాను. కొత్త జీవితం మొదలుపెట్టాలని మనందరికీ ఉంటుంది. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఎప్పుడు అని అడగడం లేదు. ఎక్కడ అని అడుగుతున్నాను.

ముందు ఒకసారి డిసెంబరు 31 రాత్రిని గుర్తు చేసుకుందాం. మీలో చాలామంది ఆ రాత్రి మందిరంలోనే ఉండుంటారు. పదిన్నరకల్లా మందిరం నిండిపోతుంది. చలికి తలుపులు దగ్గరగా వేస్తారు. నిద్రకు ఆగలేని పిల్లల్ని అమ్మలు చాప మీద పడుకోబెట్టి శాలువా కప్పుతారు. పాటలు అవుతాయి. సాక్ష్యాలు అవుతాయి. ఏడాదంతా దేవుడు చేసిన మేలు చెప్పుకుని కొందరు ఏడుస్తారు. పదకొండూ యాభైకి అయ్యగారు అందరినీ మోకరించమంటారు. ఆ పది నిమిషాలు మందిరంలో ఫ్యాన్ చప్పుడు కూడా ఉండదు. గుసగుసగా ప్రార్థనలు వినిపిస్తుంటాయి. పన్నెండింటికి గంట మోగుతుంది. లేచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటాం. తరువాత పళ్ళెంలో వాగ్దానం కార్డులు వస్తాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ఇంటికి తెచ్చి బైబిల్లో పెట్టుకుంటాం.

ఆ పది నిమిషాల్లో మనం చేసిన నిర్ణయాలు నిజమైనవే. వాటిని నేను తక్కువ చెయ్యను. ఆ కన్నీళ్ళు నిజమైనవి. ఇక మీద తాగను అనుకున్నవాడు మనసారా అనుకున్నాడు. ఇక మీద రోజూ వాక్యం చదువుతాను అనుకున్నామె మనసారా అనుకుంది. ఇంట్లో కేకలు వెయ్యను అనుకున్న తండ్రి మనసారా అనుకున్నాడు. మరి ఇప్పుడు ఆ నిర్ణయాలు ఎక్కడున్నాయి? వాగ్దానం కార్డు బైబిల్లో కీర్తనల దగ్గర అలాగే ఉంది. మనం మాత్రం పాత చోటికే వచ్చేశాం. దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటే. నాకు పట్టుదల లేదండీ, అంటారు. పట్టుదల కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉందని నాకు అనిపిస్తుంది.

నా చిన్నప్పుడు మా ఇంటి పక్కనే మగ్గం ఉండేది. చీరాల వైపు మాది. తెల్లవారకముందే మగ్గం చప్పుడు మొదలయ్యేది. నేను బడికి వెళ్ళేముందు కాసేపు ఆ మగ్గం గుంట పక్కన కూర్చుని చూసేదాన్ని. నాడె ఇటు నుంచి అటు పోతుంది. అటు నుంచి ఇటు వస్తుంది. కాళ్ళు తొక్కుతుంటాయి. ఉన్నట్టుండి మగ్గం ఆగిపోతుంది. ఎందుకు ఆగిందా అని చూస్తే, పడుగులో ఒక పోగు తెగి ఉంటుంది. వేల పోగుల్లో ఒక్కటి. నాకైతే కనిపించేది కూడా కాదు. నేసే పెద్దాయనకు కనిపించేది. ఆయన వంగి, తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి అతికేవాడు. మళ్ళీ నాడె కదిలేది. ఒకసారి అడిగాను, ఒక్క పోగే కదా తాతా, వదిలేస్తే ఏమవుతుంది అని. వదిలేస్తే చీర చివరిదాకా గీత పడుతుందమ్మా అన్నాడు. ముందుకు ఎంత బాగా నేసినా ఆ గీత వెంట వస్తుందన్నాడు.

శ్రోతలారా, నేను చెప్పదలచుకున్నది ఇదే. మన కొత్త నిర్ణయాలు మంచి పేక లాంటివి. నేస్తూనే ఉంటాం. వెనక ఎక్కడో ఒక పోగు తెగి ఉంది. ఎవరి దగ్గరో తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. ఎవరినో ఒక మాట అన్నాం. ఎవరి ముఖమో చూడకుండా తిరుగుతున్నాం. ఆ పోగును అలాగే వదిలేసి, కొత్త ఏడాది, కొత్త బైబిలు, కొత్త తీర్మానం అంటాం. గీత వెంట వస్తుంది. కొత్త జీవితం మొదలవ్వాల్సింది పోగు తెగిన చోట.

ఆ డిసెంబరు రాత్రి ఆరాధన సంగతే చూడండి. దాన్ని వాచ్ నైట్ అంటాం కదా. ఇలా రాత్రి మేలుకుని చేసే ఆరాధన 1740ల్లో ఇంగ్లండులో బోధకుడు జాన్ వెస్లీ సంఘాల్లో వాడుకలోకి వచ్చింది. బ్రిస్టల్ నగరం పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గు గనులుండేవి. ఆ గని కార్మికులు వెస్లీ బోధ విని మారారు. అంతకుముందు వాళ్ళ శనివారం రాత్రులు సారా దుకాణాల్లో తెల్లవారేవి. మారిన తరువాత వాళ్ళు ప్రార్థనకు ఏ సమయం ఎంచుకున్నారో తెలుసా? అదే రాత్రి. తాము పడిపోయే ఆ గడియల్లోనే కలిసి కూర్చుని పాడుకున్నారు, మేలుకుని ప్రార్థించారు. ఆదివారం ఉదయం ఎలాగూ ఉంది. వాళ్ళకు పోగు తెగింది రాత్రిపూట. అందుకని రాత్రిపూటే కూర్చున్నారు.

మన తెలుగు బైబిల్లో మారుమనస్సు అనే మాట ఉంది. ఎంత మంచి మాటో చూడండి. విన్న వెంటనే అర్థమవుతుంది. కొత్త నిబంధన గ్రీకు భాషలో దానికి వాడిన మాటకు మనసు మారడం అనే అర్థం. పాత నిబంధన ప్రవక్తలు హెబ్రీలో వాడిన మాట ఇంకా మామూలుది. తిరిగి రావడం అని దాని అర్థం. పొలం నుంచి ఇంటికి తిరిగి వచ్చినట్టు. ఊరు వెళ్ళినవాడు తిరిగి వచ్చినట్టు. అందులో కాళ్ళకు పని ఉంది. కూర్చున్న చోట కూర్చుని బాధపడితే తిరిగి రావడం అవ్వదు కదా.

ఇప్పుడు యెరికో పట్టణానికి వెళ్దాం. లూకా సువార్త పంతొమ్మిదో అధ్యాయం. జక్కయ్య కథ మీకు సండే స్కూలు నుంచీ తెలుసు. పొట్టివాడు, చెట్టెక్కాడు, అంతవరకే చాలామందికి గుర్తుంటుంది. మన తెలుగు అనువాదంలో ఆయన ఎక్కింది మేడిచెట్టు. మేడిపండు అనగానే తెలుగువాళ్ళకు ఏం గుర్తొస్తుంది? పైకి నిగనిగ, పొట్ట విప్పితే పురుగులు. వేమన పద్యం బడిలో చదువుకోని వాళ్ళు ఎవరున్నారు? జక్కయ్య ఎక్కిన చెట్టు మన అత్తి, మేడి చెట్లకు దగ్గర చుట్టమే. ఆయన జీవితం కూడా అలాగే ఉంది. పైకి పెద్ద ఇల్లు, డబ్బు. లోపల ఊరి జనం ఉసురు.

ఆయన సుంకపు గుత్తదారుడు. గుత్త అంటే మనకు తెలుసు. చేపల చెరువు గుత్త, మామిడి తోట గుత్త. పాడుకున్నవాడు పైవాడికి ఇంత కట్టాలి, ఆపైన ఎంత రాబట్టుకుంటే అంత వాడిది. రోమా ప్రభుత్వం పన్నులు అలాగే వసూలు చేయించేది. కాబట్టి జక్కయ్య తప్పుకు ఒక చోటు ఉంది. అది ఆయన సుంకం వసూలు చేసే బల్ల. ఆయన పోగు తెగింది అక్కడ.

యేసు చెట్టు కిందికి వచ్చి పైకి చూశాడు. పేరు పెట్టి పిలిచాడు. మీ ఇంటికి వస్తున్నానన్నాడు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. నువ్వు కాజేసిన సొమ్ము తిరిగి ఇవ్వు అని యేసు అనలేదు. అక్కడున్న కథనంలో ఆ మాట ఎక్కడా లేదు. ముందు ఇంటికి వచ్చాడు. ఊరంతా సణిగినా వచ్చాడు. క్షమాపణ ముందే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అప్పుడు జక్కయ్య లేచి నిలబడ్డాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు.

నాలుగింతలు ఎందుకు? మోషే ధర్మశాస్త్రంలో దీనికి లెక్క ఉంది. తన తప్పు తానే ఒప్పుకున్నవాడు తీసుకున్నది తిరిగి ఇచ్చి, దానిమీద ఐదోవంతు కలిపి ఇస్తే చాలు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో అలా ఉంది. నూరు రూపాయలు కాజేస్తే నూట ఇరవై. గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడైతే నాలుగు గొర్రెలు ఇవ్వాలి. అది నిర్గమకాండంలో ఉంది. జక్కయ్య తనను తాను గొర్రెల దొంగ వరసలో నిలబెట్టుకున్నాడు. నూట ఇరవైతో బయటపడే అవకాశం ఉన్నా, నాలుగు వందలు పెట్టాడు. చౌక లెక్క వెతుక్కోలేదు. మారిన మనసు చూడాలంటే అక్కడ చూడాలి. ఆ రోజు ఆయన పెద్ద ప్రార్థన చేసినట్టు లేదు. కన్నీళ్ళు పెట్టుకున్నట్టు కూడా లేదు. లెక్కల పుస్తకం తెరిచాడు.

మా ఇంట్లో జరిగింది ఒకటి చెబుతాను. మా నాన్నకు, చిన్నాన్నకు కలిపి ఒకే బావి. ఒకే మోటారు. ఒక ఎండాకాలం మోటారు కాలిపోయింది. నాన్న దాన్ని సైకిలు మీద పట్నం తీసుకెళ్ళి రీవైండింగ్ చేయించి తెచ్చాడు. పన్నెండు వందలు అయిందన్నాడు. చిన్నాన్న తన వాటా ఆరు వందలు ఇచ్చాడు. కొన్నాళ్ళకు చిన్నాన్న ఏదో పని మీద అదే మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మాటల్లో తేలింది, అయింది తొమ్మిది వందలే. వచ్చి అడిగాడు. నాన్న ఒప్పుకోలేదు. దారిఖర్చులన్నాడు, పని మానుకుని తిరిగానన్నాడు. మాట మాట పెరిగింది. నూట యాభై రూపాయల దగ్గర అన్నదమ్ములు విడిపోయారు. ఏడేళ్ళు మాట్లాడుకోలేదు.

ఆ ఏడేళ్ళూ ఇద్దరూ ఒకే మందిరానికి వచ్చారు. నాన్న కిటికీ వైపు కూర్చునేవాడు. చిన్నాన్న తలుపు వైపు కూర్చునేవాడు. మొదటి ఆదివారం ప్రభువు బల్లలో ఇద్దరూ చెయ్యి వేసేవారు. ఒకే రొట్టె. ఒకే గిన్నె. ఆ రొట్టె ముక్క నాన్న వేళ్ళలో కొంచెం వణకడం నేను చూశాను. అప్పుడు నాకు తెలియలేదు, చలి అనుకున్నాను.

ఆ ఏడేళ్ళలో నాన్న ఎన్ని తీర్మానాలు చేశాడో నాకు తెలుసు. ఉపవాసాలుండేవాడు. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసేవాడు. మా అమ్మ చెప్పేది, మీ నాన్నకు అన్నీ ఉన్నాయి, నిద్ర ఒక్కటే లేదు అని. ఒక శ్రమకాలంలో మా అయ్యగారు మత్తయి సువార్త ఐదో అధ్యాయం మీద వాక్యం చెప్పారు. కానుక తెచ్చినవాడికి, తన మీద సోదరుడికి ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడి రావాలని యేసు చెప్పిన భాగం అది. వెళ్ళమన్నది కానుక తెచ్చినవాణ్ణి. ఎదుటివాడు వచ్చేదాకా ఆగమని చెప్పలేదు.

ఆ వారం శనివారం సాయంత్రం, చీకటి పడ్డాక, నాన్న చొక్కా తొడుక్కున్నాడు. ట్రంకుపెట్టె తీశాడు. డబ్బు లెక్కపెట్టి చేతిరుమాలులో మూట కట్టాడు. టార్చిలైటు పట్టుకుని, రా అని నన్ను కూడా పిలిచాడు. ఒక్కడే వెళ్ళడానికి ధైర్యం చాలలేదని ఇప్పుడు అనుకుంటాను. చిన్నాన్న ఇల్లు నాలుగిళ్ళ అవతల. ఆ నాలుగిళ్ళు దాటడానికి ఏడేళ్ళు పట్టింది. చిన్నాన్న అరుగు మీద కూర్చుని గడ్డితాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. నాన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఒరే తమ్ముడూ, మోటారుకు తొమ్మిది వందలే అయింది, నేను అబద్ధం చెప్పాను అన్నాడు. అంతే. రుమాలు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆరు వందలు. నూట యాభైకి నాలుగింతలు. ఆ లెక్క అప్పుడు నాకు తెలియదు, పెద్దయ్యాక లూకా సువార్త చదువుతుంటే తట్టింది.

చిన్నాన్న ఆ డబ్బు తీసుకున్నాడు. ఎందుకు అన్నా, పోనీలే అని తిప్పి ఇవ్వలేదు. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆయన తీసుకోవడమే మంచిదయింది. వద్దని తిప్పి పంపుంటే ఆ బరువు మళ్ళీ మా నాన్న చేతిలోనే ఉండిపోయేది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని లోపల్నుంచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. అప్పుడు చిన్నాన్న, పైపు దగ్గర నీళ్ళు కారుతున్నాయి అన్నా, వాషరు మార్చాలి అన్నాడు. ఏడేళ్ళ తరువాత మొదటి మాట అది. మా నాన్న ఆ రాత్రి గురక పెట్టి నిద్రపోయాడు.

ఆ తరువాత వాళ్ళు ఎప్పుడూ పోట్లాడుకోలేదని చెబితే అబద్ధం అవుతుంది. రెండేళ్ళకు గట్టు మీద కొబ్బరిచెట్టు దగ్గర మళ్ళీ గొడవ పడ్డారు. ఈసారి మూడు రోజుల్లో తేలిపోయింది. పోగు అతకడం చెయ్యికి అలవాటైంది.

మీలో కొందరు అనుకుంటుంటారు, మీ నాన్నది డబ్బు తప్పు, ఇచ్చేస్తే తీరింది, నాది డబ్బుతో తీరేది కాదు అని. నిజమే. అలాంటివాళ్ళ కోసమే యోహాను సువార్తలో పేతురు కథ ఉంది. యేసును పట్టుకుని తీసుకెళ్ళిన రాత్రి బాగా చలిగా ఉంది. ప్రధాన యాజకుడి ఇంటి ఆవరణలో నౌకర్లు బొగ్గులు రాజేసి చలి కాచుకుంటున్నారు. పేతురు కూడా ఆ మంట దగ్గర నిలబడ్డాడు. అక్కడే మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. దీన్ని ఏ డబ్బుతో తిరిగి ఇస్తాడు?

యేసు పునరుత్థానం తరువాత ఒక తెల్లవారుజామున గలిలయ సరస్సు ఒడ్డున కనిపించాడు. శిష్యులు రాత్రంతా వల వేసి అలసిపోయి ఉన్నారు. ఒడ్డుకు వచ్చి చూస్తే ఆయన బొగ్గుల మంట వేసి చేపలు కాలుస్తున్నాడు. బొగ్గుల మంట. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఈ మాట రెండే చోట్ల వస్తుంది. ఒకటి పేతురు బొంకిన ఆవరణలో. రెండోది ఈ సరస్సు ఒడ్డున. వాసన ఎంత గుర్తుంటుందో మీకు తెలుసు. ఆ పొగ ముక్కుకు తగలగానే పేతురుకు ఆ రాత్రి అంతా గుర్తొచ్చి ఉంటుంది. ముందు యేసు వాళ్ళకు రొట్టె, చేపలు పెట్టాడు. తిన్నాక అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు. అయినా అడిగాడు. ప్రతిసారీ పని అప్పగించాడు, నా గొర్రెలను చూసుకో అని. పోగు మంట దగ్గర తెగింది. మంట దగ్గరే అతికింది. పాత రాత్రిని కప్పిపెట్టలేదు. దాన్ని పేతురు ముందు పెట్టి, దాంట్లోంచే చెయ్యి పట్టుకుని నడిపించాడు.

మరి మనం బాధపెట్టినవాళ్ళు ఈ లోకంలో లేకపోతే? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అత్తను సరిగా చూడని కోడలు అడిగింది. తండ్రి ఆఖరి రోజుల్లో ఊరు రాలేకపోయిన కొడుకు దుబాయి నుంచి ఫోను చేసి అడిగాడు. ఇందాక చెప్పిన సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలోనే దీనికి కూడా దారి ఉంది. నష్టపోయినవాడు లేకపోతే అతని దగ్గరి చుట్టానికి ఇవ్వాలి. చుట్టం కూడా లేకపోతే దేవుని సన్నిధిలో ఇవ్వాలి. అంటే, మనిషి పోయినా అప్పు గాలిలో కలవదు. తీర్చే దారి కూడా మూసుకుపోదు. ఆ కోడలు ఇప్పుడు తన ఆడపడుచు మోకాలి ఆపరేషనుకు దగ్గరుండి సేవ చేస్తోంది. ఈస్టరు తెల్లవారుజామున మనం సమాధుల తోటకు వెళ్తాం కదా. సున్నం వేసిన సమాధుల మీద పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈసారి ఆమె చేతిలో పూలతో పాటు చెప్పుకోవడానికి ఒక మాట కూడా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. తెగిన చోటికి వెళ్ళమని నేను తప్పు చేసినవాళ్ళకు చెబుతున్నాను. దెబ్బలు తిన్నవాళ్ళకు చెప్పడం లేదు. తాగి కొట్టే భర్త నుంచి తప్పించుకుని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను, క్షమించమన్నారు కాబట్టి తిరిగి వెళ్ళు అని సంఘ పెద్దలు పంపితే, అది తప్పు. గట్టిగా చెబుతున్నాను, అది తప్పు. జక్కయ్య చేతిలో మోసపోయినవాళ్ళను జక్కయ్య ఇంటి చుట్టూ తిరగమని యేసు చెప్పలేదు. లేచి నిలబడింది జక్కయ్య.

మన ప్రాంతంలోనే పెద్ద ఎత్తున జరిగిన ఒక కొత్త ప్రారంభం గురించి చెబుతాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. అప్పటికి ఆ నెల్లూరు మిషనును మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తోంది. ఆ కొండ మీద సూర్యుడు పొడిచేదాకా వాళ్ళు ఒంగోలు కోసం ప్రార్థించారు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు స్థిరపడింది. ఆ మర్నాడు ఏమైంది? ఏమీ కాలేదు. పన్నెండేళ్ళ తరువాత, 1866లో, జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలు వచ్చాడు. ఆ ఏడాదే తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తన మాదిగ పల్లెల్లో ఊరూరా తిరిగి చెప్పాడు.

పేరయ్య, ఆయన తోటివాళ్ళు కొత్తగా నమ్మినవాళ్ళకు చెప్పినవి చాలా తేటగా ఉండేవి. విగ్రహాలకు మొక్కవద్దు. ఆదివారం పని చెయ్యవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. వినడానికి చిన్న మాటలు. ఆ పల్లెల్లో అవి ఎంత బరువైనవో ఆలోచించండి. పిలిస్తే ఏ రోజైనా వెళ్ళి వెట్టి చెయ్యాల్సినవాళ్ళు ఆదివారం రాము అన్నారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. పనులు ఆపారు, బాధలు పెట్టారు. అయినా నిలబడ్డారు. ఏ చోట తమను వంచారో ఆ చోటే వాళ్ళు నిటారుగా నిలబడ్డారు. దేవుడిలో కొత్త జీవితం అంటే వాళ్ళకు వారంలో ఒక రోజు, ముందున్న కంచంలో ఒక ముద్ద.

తరువాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. వేలమంది వచ్చి తవ్వారు. బోధ విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆపాడు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను సభల్లో చాలాసార్లు వింటాం. నాకు ఆ సంఖ్య కంటే ఆ పదిహేను నెలలు విలువైనవిగా కనిపిస్తాయి. ఆ నెలల్లో వాళ్ళ చేతికి ఏ కార్డూ రాలేదు, ఏ గంటా మోగలేదు. ఆదివారాలు మాత్రం వచ్చాయి. ప్రతి ఆదివారం నిలబడాల్సి వచ్చింది.

మళ్ళీ రేపటి దగ్గరికి వద్దాం. రేపు కొన్ని మందిరాల్లో నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. ఆ బూడిద ఎక్కడిదో తెలుసా? పోయినేడు మట్టల ఆదివారం మనం ఊపిన మట్టలది. యేసు యెరూషలేము ప్రవేశం గుర్తుగా వీధుల్లో మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ తిరిగాం కదా. ఆ మట్టల్ని ఎండబెట్టి దాచి, కాల్చి, ఆ బూడిదనే మన నుదుటికి పెడతారు. కొత్త బూడిద కొనుక్కురారు. మనం ఎక్కడ పెద్దగా హోసన్నా అని, ఆ తరువాత మరిచిపోయామో, అక్కణ్ణుంచే మొదలుపెట్టమని మన పూర్వులు ఈ ఆచారం పెట్టారు. మీ సంఘంలో బూడిద పెట్టకపోవచ్చు. చాలా సంఘాల్లో పెట్టరు. శ్రమకాలం ధ్యానాలు మాత్రం దాదాపు అందరూ పెట్టుకుంటున్నారు.

ఈ నలభై రోజుల్లో కొందరు మాంసం మానేస్తారు. కొందరు ఒక పూట భోజనం మానేస్తారు. కొందరు పూలు పెట్టుకోరు. మంచిదే, చెయ్యండి. దానితో పాటు నేను అడిగేది ఒక్కటే. పెద్ద జాబితా రాయకండి. జాబితా రాస్తే అది కూడా బైబిల్లో కార్డు పక్కన చేరుతుంది. ఒక్క పేరు చాలు. ఈ ప్రసంగం వింటుండగా మీకు ఒక పేరు గుర్తొచ్చి ఉంటుంది. మధ్యలో ఎక్కడో, మోటారు కథ దగ్గరో, మంట కథ దగ్గరో వచ్చి ఉంటుంది. మీరు దాన్ని పక్కకు నెట్టి ఉంటారు. ఆ పేరే.

తీసుకున్నది ఉంటే ఇవ్వండి. అన్న మాట ఉంటే, నేను అన్నది తప్పు అని చెప్పండి. నువ్వు కూడా అన్నావు కదా అని దానికి తోక తగిలించకండి. దూరంగా ఉంటే ఫోను చెయ్యండి. వాట్సాప్‌లో వాక్యం పంపి సరిపెట్టుకోకండి, గొంతు వినిపించండి. వాళ్ళు తలుపు తియ్యకపోవచ్చు. వాళ్ళకు ఇంకా సమయం పట్టొచ్చు. అది వాళ్ళ హక్కు. మీరు వెళ్ళిన నడక దేవుడి దగ్గర లెక్కలో ఉంటుంది. మిమ్మల్ని ఆయన ఇప్పటికే పేరు పెట్టి పిలిచాడు, ఆ ధైర్యంతో వెళ్ళండి.

నేనూ ఒక పేరు అనుకున్నాను. నాతో కలిసి పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన స్నేహితురాలు. తప్పు నాదే. రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నాను. మీరూ రేపు చీకటి పడేలోపు బయలుదేరండి.